ఇరవై వేల ఫోన్: విదేశీ బడ్జెట్ మోడలా, దేశీ ఫ్లాగ్‌షిప్పా? బెజవాడ, గుంటూరు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

బీసెంట్ రోడ్డులో ఏ సెల్ షాపులోకి వెళ్లి ఇరవై వేలలో ఫోన్ చూపించమన్నా కౌంటరు మీదికి మొదట వచ్చే పెట్టెలు మనకు తెలిసినవే: శాంసంగ్, వివో, ఒప్పో, రెడ్‌మీ, మోటోరోలా. వీటి మధ్య నుంచి మీరు దేశీ కంపెనీ లావా తయారుచేసే పై మెట్టు ఫోన్ (ఫ్లాగ్‌షిప్) పేరు చెప్పి, "లావా అగ్ని ఉందా?" అని అడిగితే, "అదెందుకండీ, రీసేల్ ఉండదు" అనే మాట రావడానికే అవకాశం ఎక్కువ. ఇంటికొచ్చి యూట్యూబు తెరిస్తే కథ తిరగబడుతుంది. అదే ధరలో అగ్నిలో ఉన్న చిప్పు, తెర, ఛార్జింగు చూపించి, "పెద్ద బ్రాండు కొనేవాడు పేరుకే డబ్బు కడుతున్నాడు" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ చెప్పని విషయం ఒకటుంది. ఆ ఫోన్ కింద పడి తెర పగిలిన రోజున మీ ఊళ్లో ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లకు, ఎంతకు?

నా లెక్కలో ఈ ఎంపిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో స్పెసిఫికేషన్ల మీద కొద్దిసేపే ఉండి, సర్వీసు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా ఒక అపోహ తీసి పక్కన పెడదాం. "దేశీ" అంటే ఇక్కడ తయారైనది, "విదేశీ" అంటే అక్కడి నుంచి వచ్చినది అనే లెక్క ఇప్పుడు నడవదు. షావోమి మన దేశంలో తయారీ మొదలుపెట్టింది 2015లో, అదీ మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో. శాంసంగ్‌కు నోయిడాలో భారీ ఫ్యాక్టరీ ఉంది. లావా ఫ్యాక్టరీ కూడా నోయిడాలోనే ఉంది, కానీ దాని అగ్ని ఫోన్లలో చిప్పు తైవాన్ కంపెనీ మీడియాటెక్‌ది. దేశీ కంపెనీకి డబ్బు వెళ్లాలనే పట్టింపు మీకుంటే అది మంచిదే, దాన్ని లెక్కలో వేసుకోండి. ఆ పట్టింపు తెర మార్చిపెట్టదని కూడా గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు: ఎవరికి, ఎన్నేళ్లకు

ధర అనుకునే ముందు మూడు జవాబులు కాగితం మీద రాయండి. ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? ఎన్నేళ్లు వాడతారు? మీ తర్వాత ఎవరికి వెళుతుంది?

మూడో ప్రశ్నను మనవాళ్లు సాధారణంగా మరిచిపోతారు. మన ఇళ్లలో ఫోన్ రెండేళ్లకు పాతబడదు, చేతులు మారుతుంది. కొడుకు వాడి అమ్మకిస్తాడు, అమ్మ వాడి ఊళ్లో అమ్మమ్మకు పంపిస్తుంది. ఆ ఫోన్‌లో ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు యాప్ ఉంటుంది, పింఛను డబ్బు పడిందో లేదో చూసుకునే మెసేజీ వస్తుంది. అలా మూడు చేతులు మారే ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది ముఖ్యం. అలా కాకుండా ఇంజనీరింగ్ చదివే కుర్రాడు రెండున్నరేళ్లు గట్టిగా వాడి, ఉద్యోగం రాగానే ఇంకోటి కొనుక్కుంటాడనుకుంటే, ఆరేళ్ల అప్‌డేట్ల హామీతో అతనికి ఒరిగేదేమీ లేదు.

రెండో మెట్టు: ఒకే నెల, దగ్గరి ధర

పోలిక ఎప్పుడూ ఒకే కాలంలో, ఒకే ధరల్లో వచ్చిన ఫోన్ల మధ్య ఉండాలి. పద్ధతి అర్థం కావడానికి 2024 అక్టోబరులో మన మార్కెట్లోకి వచ్చిన రెండు ఫోన్లను జత పెడతాను: శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ, లావా అగ్ని 3. ఆ తర్వాత రెండు కంపెనీల నుంచీ కొత్తవి వచ్చాయి. 2025 నవంబరులో వచ్చిన అగ్ని 4లో ఇంకా బలమైన డైమెన్సిటీ 8350 చిప్పు ఉంది. మీరు కొనే రోజున ఏ జత దొరికితే ఆ జతకు ఇదే కొలబద్ద పెట్టండి.

ఏ16 5జీ విడుదల ధర 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజికి 18,999 రూపాయలు. అగ్ని 3 అంతే ర్యామ్, అంతే స్టోరేజికి ఛార్జరు లేకుండా 20,999, ఛార్జరుతో 22,999. శాంసంగ్ పెట్టెలో ఛార్జరు రాదు. ఇంట్లో సరైన ఛార్జరు లేకపోతే దాని ఖర్చు కూడా కలిపి అసలు ధర వేసుకోవాలి. చాలామంది ఇక్కడే పోలిక తప్పుగా మొదలుపెడతారు.

కాగితం మీద అగ్ని 3 తేలిగ్గా గెలుస్తుంది. దాని డైమెన్సిటీ 7300ఎక్స్ చిప్పు 4 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది (ఈ అంకె ఎంత తక్కువైతే అంత మెరుగు), అందులో నాలుగు బలమైన ఏ78 కోర్లు ఉన్నాయి. శాంసంగ్‌లోని డైమెన్సిటీ 6300 చిప్పు 6 నానోమీటర్లది, బలమైన కోర్లు రెండే, అవీ రెండు తరాల వెనకటి ఏ76 రకం. అగ్ని తెర వంపు అంచులతో, 120 హెర్ట్జ్ వేగంతో ఉంటుంది. ఏ16 తెర కూడా అమోలెడ్డే, ఫుల్ హెచ్‌డీ ప్లస్సే, కానీ 90 హెర్ట్జ్. అగ్ని కెమెరాకు చేతి వణుకును అడ్డుకునే ఓఐఎస్ ఉంది, ఏ16కు లేదు. ఛార్జింగు అగ్నికి 66 వాట్లు, ఏ16కు 25. అగ్ని వెనక వైపు 1.74 అంగుళాల చిన్న తెర కూడా పెట్టారు. దానికోసం మాత్రం నేను వంద రూపాయలు కూడా ఎక్కువివ్వను. వారం తర్వాత ఎవరూ దానివైపు చూడరు.

శాంసంగ్ వైపు ఏముంది? మెమరీ కార్డు వేసుకునే చోటు, ధూళి, నీటి తుంపరలకు ఐపీ54 రక్షణ, పేరు, ఆరేళ్ల అప్‌డేట్ల హామీ. ఈ ఆఖరి మాటే బరువైనది, దాని సంగతి నాలుగో మెట్టులో చూద్దాం.

స్పెసిఫికేషన్ కాగితం చదివేటప్పుడు రెండు చోట్ల కళ్లు తెరుచుకుని ఉండండి. "16 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద చిన్నగా "8 + 8" అని ఉంటే రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు. స్టోరేజిలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు మాత్రమే, అది నిదానంగా పనిచేస్తుంది. రెండోది స్టోరేజి రకం. అది ఈఎంఎంసీ అయితే కొత్తలో బాగానే ఉండి, వాట్సాప్ ఫొటోలతో నిండేకొద్దీ ఫోన్ ఈడుస్తుంది. యూఎఫ్ఎస్ 2.2 అయితే ఫరవాలేదు, 3.1 అయితే మంచిది. 2 మెగాపిక్సెళ్ల మూడో కెమెరా గురించి ఆలోచించనే వద్దు, అది లెక్క పెంచడానికి పెట్టేది.

మూడో మెట్టు: కొనకముందే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రండి

ఇది చదివి నవ్వుకునేవాళ్లుంటారు. ఫోనే కొనలేదు, సర్వీస్ సెంటర్‌కు ఎందుకు? ఇరవై రెండు వేలు పెట్టే ముందు ఒక గంట తిరగడానికి బద్ధకిస్తే, తర్వాత నెలరోజులు తిరగాల్సి రావచ్చు.

మొదట రెండు కంపెనీల వెబ్‌సైట్లలో సర్వీస్ సెంటర్ల జాబితా తెరిచి మీ పిన్‌కోడ్ కొట్టండి. బెజవాడ అయితే 520తో, గుంటూరు అయితే 522తో మొదలయ్యేది. జాబితాలో పేరు కనిపించగానే సంబరపడకండి. ఆ నంబరుకు ఫోన్ చేసి, ఇంకా నడుస్తోందా, ఈ మోడల్‌కు చేస్తారా అని అడగండి. సెంటర్లు మూతపడినా, చోటు మారినా జాబితాలో పాత చిరునామానే మిగిలిపోవడం మామూలే. తర్వాత వీలైతే స్వయంగా వెళ్లండి. తెనాలి, మంగళగిరి, నూజివీడు లాంటి చోట్ల ఉండేవాళ్లకైతే ఇది ఇంకా అవసరం. ఫోన్ ఇవ్వడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఒక రోజు బస్సెక్కాలంటే రెండు రోజుల పని పోయినట్టే.

అక్కడ కౌంటరులో అడగాల్సినవి ఇవి. ఈ మోడల్ డిస్‌ప్లే ఎంత? ఇప్పుడు స్టాకులో ఉందా, ఆర్డరు పెట్టాలా? ఆర్డరు పెడితే ఎన్ని రోజులు? బ్యాటరీ మార్పిడికి ఎంత? మదర్‌బోర్డు పోతే ఇక్కడే చేస్తారా, హైదరాబాదుకో ఢిల్లీకో పంపుతారా? వచ్చిన జవాబులు ఫోన్‌లోనే రాసుకోండి. "డిస్‌ప్లే ఎప్పుడూ ఉంటుంది, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నా, "తెప్పించాలండీ, చెప్పలేం" అన్నా మీ ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది. సెంటరు ఆ కంపెనీ ఒక్కదానిదేనా, నాలుగైదు బ్రాండ్లకు కలిపి చేసే ఏజెన్సీయా అన్నది కూడా చూడండి. కలిపి చేసే చోట తక్కువ అమ్ముడయ్యే బ్రాండుకు స్పేర్లు నిలవ ఉంచే అవకాశం తక్కువ. మీతో పాటు బెంచీ మీద కూర్చున్నవాళ్లతో రెండు మాటలు కలపండి. "ఎన్నాళ్లయిందండీ ఇచ్చి?" అని అడిగితే చాలు, కడుపులో ఉన్నదంతా చెబుతారు.

దేశీ బ్రాండు వైపు ఒక మంచి మాట. అగ్ని ఫోన్లకు వారంటీలో హార్డ్‌వేర్ లోపం వస్తే ఇంటికే వచ్చి చూసే సేవ ఉందని లావా ప్రచారం చేస్తుంది. అగ్ని 2 అప్పుడైతే ఇంటి దగ్గరే ఫోన్ మార్చి ఇస్తామంది. ఆ సేవ మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కస్టమర్ కేర్‌ను అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. నోటి మాటకు విలువ లేదు. వస్తామని రాసిస్తే మాత్రం ఊళ్లో సెంటరు లేని లోటు వారంటీ ఉన్న ఏడాది వరకు చాలావరకు తీరినట్టే.

సెంటరు తర్వాత సందుల్లోకి వెళ్లాలి. గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో మీకు తెలిసిన రిపేరు కుర్రాడుంటాడు. వారంటీ అయ్యాక మన ఫోన్లకు డాక్టరు అతనే. రెండు మోడళ్ల పేర్లూ చెప్పి, "కాంబో (తెర, టచ్ కలిసి వచ్చే సెట్టు) దొరుకుతుందా?" అని అడగండి. ఎక్కువ అమ్ముడయ్యే శాంసంగ్, రెడ్‌మీ మోడళ్లకు తెర కాంబో, ఛార్జింగ్ బోర్డు, బ్యాటరీ తేలిగ్గా దొరుకుతాయి. దేశీ ఫ్లాగ్‌షిప్‌కు తెప్పించాల్సి రావచ్చు, ఒక్కోసారి దొరక్కపోవచ్చు. వంపు అంచుల తెరకు కాంబో ఖరీదూ ఎక్కువే, పగిలే అవకాశమూ ఎక్కువే. టెంపర్డ్ గ్లాస్ సంగతీ అంతే. చదునైన తెరకు వంద, నూటయాభైలో ఎక్కడైనా అంటించేస్తారు. వంపు తెరకు జిగురు పోసి, అతినీలలోహిత లైటు కింద పెట్టి అతికించే గ్లాసు కావాలి. పౌచ్ కూడా చూడండి. మీ మోడల్ పౌచ్ ఊళ్లో దొరకదంటే ఆ ఫోన్ ఊళ్లో ఎంతమంది వాడుతున్నారో అర్థమైనట్టే.

ఇక కంపెనీయే ఉంటుందా అన్న భయం. 2014 చివరి మూడు నెలల్లో మన దేశ స్మార్ట్‌ఫోన్ అమ్మకాల్లో మైక్రోమాక్స్ శాంసంగ్‌ను దాటిందని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ లెక్క కట్టింది. రెండు మూడేళ్లు తిరిగేసరికి చైనా బ్రాండ్లు వచ్చి ఆ మార్కెట్లో చాలా భాగం పట్టుకున్నాయి. 2020 నవంబరులో "ఇన్" పేరుతో మైక్రోమాక్స్ మళ్లీ వచ్చింది కానీ నిలదొక్కుకోలేదు. కార్బన్, ఇంటెక్స్ కనుమరుగయ్యాయి. హైదరాబాదులో పుట్టిన మన సెల్‌కాన్ ఒకప్పుడు ప్రతి సెల్ షాపు బోర్డు మీదా ఉండేది, ఇప్పుడు ఎవరి చేతిలోనైనా ఉందా? కాబట్టి ఈ భయం ఉత్త భయం కాదు. అలాగని పేరున్న విదేశీ కంపెనీ ఉండిపోతుందని హామీ కూడా లేదు. ఎల్‌జీ అంతటిది 2021లో మొబైల్ వ్యాపారమే మూసేసింది. లావా 2009 నుంచి ఉంది, బటన్ ఫోన్ల అమ్మకాల మీద నిలబడి స్మార్ట్‌ఫోన్లు కొనసాగిస్తోంది. మిగతా దేశీ కంపెనీలు పడిపోయిన చోట ఇది పడిపోలేదు, అది దానికి అనుకూలమే.

నాలుగో మెట్టు: అప్‌డేట్ల లెక్క

ఏ16 5జీకి ఆరు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు, ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ హామీ. అగ్ని 3కి మూడు అప్‌గ్రేడ్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అని లావా హామీ. విడుదలైన రోజునే కొన్నారనుకుంటే 18,999 రూపాయలను 72 నెలలతో భాగిస్తే నెలకు 264 రూపాయలు. 20,999ను 48 నెలలతో భాగిస్తే 437. రెండూ ఛార్జరు లేని ధరలే. తేడా చిన్నదేమీ కాదు.

కానీ ఈ లెక్కలో రెండు కిటుకులున్నాయి. ఆ ఏళ్లు మొదలయ్యేది ఫోన్ విడుదలైన నాటి నుంచే తప్ప మీరు కొన్న నాటి నుంచి కాదు. పండగ ఆఫర్లో తగ్గింపు ధరకు వచ్చే ఏడాదిన్నర పాత మోడల్‌కు అప్‌డేట్ల ఆయుష్షు కూడా ఏడాదిన్నర తగ్గే ఉంటుంది. రెండో కిటుకు చిప్పుది. ఏ16లో ఉన్న ఏ76 కోర్లు 2018 నాటి డిజైను. 2030లో ఆండ్రాయిడ్ 20 వచ్చి దాని మీద కూర్చుంటే ఎలా నడుస్తుందో ఊహించుకోండి. ఒకటి ముసలి గుర్రానికి గడ్డి ఆరేళ్లు వేస్తామన్న మాట, ఇంకొకటి పడుచు గుర్రానికి నాలుగేళ్లే వేస్తామన్న మాట. వాట్సాప్, యూపీఐ, యూట్యూబు చాలనుకునే అమ్మ చేతిలో మొదటిది ఆరేళ్లూ నడుస్తుంది. గేములాడేవాడి చేతిలో మూడో ఏటికే ఆయాసపడుతుంది.

హామీ ఇచ్చారు సరే, నిలబెట్టుకుంటారా? దీనికి నేను వాడే ఉపాయం: కొత్త మోడల్‌ను వదిలేసి, దాని అన్నగారిని పట్టుకోవాలి. అగ్ని 4 కొనాలనుకుంటే అగ్ని 2, అగ్ని 3 వాడుతున్నవాళ్లను వెతకండి. సెట్టింగ్స్‌లో ఇప్పుడు ఏ ఆండ్రాయిడ్ ఉంది, సెక్యూరిటీ ప్యాచ్ ఏ నెలది అని అడగండి. శాంసంగ్‌కైనా, మోటోరోలాకైనా ఇదే పరీక్ష. పనిలో పనిగా ఎక్స్‌చేంజ్ యాప్‌లో రెండేళ్ల పాత మోడళ్లకు ఎంత ఇస్తారో కూడా కొట్టి చూడండి. "రీసేల్ ఉండదు" అన్న కౌంటరు మాట ఎంతవరకు నిజమో అంకెల్లో తెలుస్తుంది. కొన్ని దేశీ మోడళ్లు ఆ జాబితాలోనే ఉండవు, అప్పుడు కౌంటరు వాడిదే పైచేయి.

"విదేశీ బడ్జెట్" అన్నంత మాత్రాన అందరూ ఆరేళ్లు ఇస్తారనుకోవద్దు. ఇదే ధరల్లో ఒకటి రెండు అప్‌గ్రేడ్లతో సరిపెట్టే పెద్ద బ్రాండ్లూ ఉన్నాయి. అలాంటి ఫోన్‌తో పోలిస్తే అగ్నిదే మెరుగైన హామీ. పోటీ ఏ మోడల్‌తో అన్నదాన్ని బట్టి గెలుపు మారుతుంది.

ఐదో మెట్టు: మన ఎండ, మన ధూళి, మన సిగ్నలు

బెజవాడ మే నెల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఫోన్ కంపెనీలు మాత్రం తమ ఫోన్ 35 డిగ్రీల వరకు బాగా పనిచేస్తుందనే రాస్తుంటాయి. నలభై రెండు డిగ్రీల ఎండలో బైకు హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ పెట్టుకునేవాళ్లకు తెర దానంతటదే మసకబారడం, ఛార్జింగు ఆగిపోవడం అనుభవమే. వేగంగా ఎక్కే ఛార్జింగు వేడిని ఇంకా పెంచుతుంది. 66 వాట్ల ఛార్జరున్నా వేసవి మధ్యాహ్నాలు పౌచ్ తీసేసి ఫ్యాను కింద పెట్టి ఎక్కించండి. వేడి విషయంలో 4 నానోమీటర్ల చిప్పుకు కొంత లాభం ఉంది, అదే పనికి తక్కువ కరెంటు తాగుతుంది.

గుంటూరు మిర్చి యార్డులోనో, కోల్డ్ స్టోరేజీల దగ్గరో పనిచేసేవాళ్లకు ధూళి ప్రధానం. ఛార్జింగు రంధ్రంలోకి, స్పీకరు జాలీలోకి కారపు దుమ్ము చేరి పట్టేస్తుంది. ఐపీ తర్వాత వచ్చే మొదటి అంకె ధూళిది: 5 అంటే పని ఆగనంత మేరకు రక్షణ, 6 అంటే ధూళి లోపలికి పోదు. రెండో అంకె నీటిది: 4 అంటే తుంపరలకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు ఇంట్లోకి నీళ్లొస్తే ఐపీ54 కాపాడదు. నీళ్లు దిగిన ఫోన్‌కు వారంటీ వర్తించదు, పెట్టె మీద ఐపీ ఎంత రాసున్నా సరే.

సిగ్నలు సంగతి చిన్నదే కానీ చూడాలి. ఫోన్ ఏయే తరంగాల మీద సిగ్నలు అందుకుంటుందో చెప్పేవి బ్యాండ్లు. 5జీకి ఎన్78, జియో వాడేవాళ్లకు అదనంగా ఎన్28 బ్యాండ్లు ఉండాలి. ఇరవై వేల ఫోన్లలో ఇవి సాధారణంగా ఉంటాయి. దివిసీమ వైపో, లంక గ్రామాల్లోనో బీఎస్ఎన్ఎల్ మీద ఆధారపడేవాళ్లు 4జీ బ్యాండ్ 28 ఉందో లేదో తప్పక చూడాలి. బీఎస్ఎన్ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్‌లో అందేది ఆ బ్యాండు మీదే.

ఆరో మెట్టు: కౌంటరు దగ్గర పావుగంట

షాపులో మీకు అన్నీ వివరించే కుర్రాడు షాపు మనిషి కాకపోవచ్చు. పెద్ద షాపుల్లో ఒక్కో బ్రాండుకు ఒక్కో ప్రమోటరు ఉంటారు, తమ బ్రాండు అమ్మితేనే వాళ్లకు ఇన్సెంటివ్. వాళ్లను తప్పుపట్టక్కర్లేదు, చెప్పేదాన్ని ఆ లెక్కలో వినండి. లావాకు ప్రమోటరు లేని షాపులో దాని గురించి మంచి మాట వినపడకపోవడంలో వింతేమీ లేదు.

డెమో ఫోన్ చేతికి తీసుకుని గుమ్మం దాటి ఎండలోకి రండి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి వాట్సాప్ మెసేజీ చదవగలరేమో చూడండి. లోపలికొచ్చి నడుస్తున్న మనిషిని ఫొటో తీయండి, అతని చేతులు అలుక్కుపోయాయా? తెలుగు కీబోర్డు తెరిచి ఒత్తులున్న మాటలు నాలుగు కొట్టండి. మీ సిమ్ వేసి ఒక కాల్ చేసి రికార్డింగు నొక్కండి. గూగుల్ డయలరున్న ఫోన్లలో అవతలివాళ్లకు "రికార్డవుతోంది" అని ఇంగ్లిష్‌లో వినిపిస్తుంది, శాంసంగ్ సొంత డయలరులో ఆ గొడవ లేదు. వ్యాపారస్తులు చాలామంది ఈ ఒక్క కారణంతోనే ఫోన్ ఎంచుకోవడం చూశాను. వంపు తెర ఫోన్‌ను ఒంటి చేత్తో పట్టుకుని టైపు చేస్తే అరచేయి తగిలి వేరే అక్షరాలు పడుతున్నాయేమో గమనించండి.

ఆ తర్వాత యాప్‌ల జాబితా చూడండి. అగ్ని ఫోన్లు అదనపు యాప్‌లు, ప్రకటనలు లేని శుభ్రమైన ఆండ్రాయిడ్‌తో వస్తాయి. బడ్జెట్ విదేశీ ఫోన్లలో తీసేయాల్సిన యాప్‌లు, నోటిఫికేషన్లలో వచ్చే ప్రకటనలు ఉంటాయి. పెద్దవాళ్లకు ఇచ్చే ఫోన్‌లో ఈ తేడా కెమెరా కంటే ముఖ్యం. తెలియక నొక్కిన ఒక్క ప్రకటన ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పలేం.

ఏడో మెట్టు: తేల్చుకోవడం

ఇప్పుడు కాగితం మీద నాలుగు విషయాలుంటాయి: ఎన్నేళ్లు, సర్వీసు జవాబు, అప్‌డేట్లు, చేతిలో పట్టుకుంటే ఎలా ఉంది. నా తీర్పు ఇలా ఉంటుంది.

సెంటరులో డిస్‌ప్లే వారం లోపు ఇస్తామన్నారా, మూడు నాలుగేళ్లకు మించి వాడే ఉద్దేశం లేదా, గేములు, వీడియోలు, ఫొటోలు ఎక్కువా? దేశీ ఫ్లాగ్‌షిప్పే తీసుకోండి, ఆ డబ్బుకు అది మెరుగైన యంత్రం. సెంటరు ఊళ్లో లేదు, ఇంటి సేవ మీ పిన్‌కోడ్‌కు రాదు అంటే మాత్రం ఎంత మంచి చిప్పున్నా వద్దు. అమ్మానాన్నలకు, చేతులు మారే ఫోన్‌కు, పల్లెలో ఉండేవాళ్లకు ఎక్కువ ఏళ్ల అప్‌డేట్లున్న విదేశీ బడ్జెట్ మోడలే సరి. డెలివరీ పనిచేసేవాళ్లకూ అదే చెబుతాను. ఫోన్ కింద పడక తప్పని పని, తెర ఆ సాయంత్రానికే మారాలి, ఒక రోజు ఫోన్ లేకపోతే ఆ రోజు కూలీ లేనట్టే.

మూడో దారి కూడా ఉంది. విదేశీ కంపెనీ మధ్యశ్రేణి ఫోన్, విడుదలైనప్పుడు ముప్ఫై వేలు పలికినది, ఏడాది తిరిగాక దసరాకో దీపావళికో ఇరవై రెండు, ఇరవై మూడు వేలకు దిగితే ఈ రెంటినీ వదిలేసి దాన్ని తీసుకోవచ్చు. అప్‌డేట్లలో ఏడాది పోయినా మిగిలినవి సరిపోతాయేమో లెక్క చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: బిల్లు, పెట్టె

"బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట వింటే బయటికొచ్చేయండి. ఫోన్ మీద 18 శాతం జీఎస్టీ ఎమ్మార్పీలోనే కలిసి ఉంటుంది. బిల్లు లేకపోతే రేపు వారంటీ గొడవలోనో, వినియోగదారుల కమిషన్ ముందో చూపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. బేరం ఆడాల్సింది పౌచ్, టెంపర్డ్ గ్లాస్, ఛార్జరు మీద. అక్కడ షాపు వాళ్లకు మార్జిన్ ఉంటుంది, ఇస్తారు.

నో కాస్ట్ ఈఎంఐ తీసుకునేవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత, మొత్తం నగదు తీసుకుంటే ఇచ్చే తగ్గింపు ఇందులో పోతోందా అని మూడు ప్రశ్నలు అడగాలి. మూడింటి జవాబులూ కలిపితే వచ్చేదే వడ్డీ.

పెట్టె సీలు మీ ఎదురుగానే తీయించండి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), పెట్టె మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటే కావాలి. ఆ నంబరును కేంద్రప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లో చూడండి. లేకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజీ పంపండి. మోడల్, కంపెనీ పేరు సరిగ్గా వస్తేనే డబ్బు కట్టండి. కంపెనీ వెబ్‌సైట్లో వారంటీ మొదలైన తేదీ చూడటం మరవద్దు. కొన్ని పీసులు అమ్మకాల టార్గెట్ల కోసం ముందే యాక్టివేట్ అయి ఉంటాయి, అలాంటిదైతే మీ ఏడాది వారంటీలో కొంత అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఇంకో పీసు అడగండి.

తొమ్మిదో మెట్టు: మొదటి వారం

లోపాలున్న ఫోన్ చాలావరకు తొలి రోజుల్లోనే బయటపడుతుంది. ఆన్‌లైన్లో కొంటే మార్పిడికి గడువు కొద్దిరోజులే కాబట్టి ఫోన్‌ను దాచిపెట్టకుండా గట్టిగా వాడండి. చీకటి గదిలో నల్లని తెర పెట్టి గీతలు, మచ్చలు చూడండి. ఒక గంట వీడియో కాల్ మాట్లాడి వేడి ఎంతుందో పట్టుకుని చూడండి. రెండు సిమ్‌లలోనూ కాల్ చేయండి. నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావాలంటే వైడ్‌వైన్ ఎల్1 ఉండాలి, ప్లేస్టోరులోని డీఆర్ఎం ఇన్ఫో యాప్‌లో అది కనిపిస్తుంది. వచ్చిన అప్‌డేట్లన్నీ వెంటనే వేసేయండి, కొత్త మోడళ్ల కెమెరా తొలి ఒకటి రెండు అప్‌డేట్లతో బాగుపడటం మామూలే.

లోపం కనిపిస్తే షాపు వాళ్లు "సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి" అంటారు. వెళ్లి, సమస్యను మీ మాటల్లో రాయించి జాబ్ షీట్ (ఫోన్ రిపేరుకు తీసుకున్నట్టు సెంటరు ఇచ్చే కాగితం) తీసుకోండి, తేదీ ఉండేలా చూడండి. ఫోన్ ఇచ్చే ముందు డేటా కాపీ చేసుకుని, యూపీఐ యాప్‌లు తీసేయండి. అదే లోపం మళ్లీ మళ్లీ వచ్చినా, సెంటరు జవాబివ్వకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చాలా గొడవలు ఆ దశలోనే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. బిల్లు, జాబ్ షీట్లు, మెయిళ్లు వరుసగా పెట్టుకుంటే చాలు.